ఒకే కంప్లైంట్, మూడు కారణాలు: ఒక డిస్క్‌లెస్ ల్యాబ్ కేసు

నల్గొండ జిల్లాలో ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో జరిగిన కేసు ఇది. ఊరి పేరు, కాలేజీ పేరు చెప్పను. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ మధ్య ఇలాంటి పనుల మీద తిరిగేవాళ్లకి ఈ తరహా ల్యాబ్‌లు కొత్త కాదు. కానీ "నెట్‌వర్క్ బూట్ రావట్లేదు" అనే ఒక్క మాట కింద అసలు సంబంధమే లేని మూడు సమస్యలు ఒకేసారి దొరకడం అరుదు. అందుకే దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నా.

నేపథ్యం

ల్యాబ్‌లో 36 పాత డెస్క్‌టాప్‌లు ఉండేవి. కరెంటు పోవడం రావడం, దుమ్ము, ఎండాకాలంలో స్లాబ్ వేడి, వీటి దెబ్బకి హార్డ్ డిస్క్‌లు ఒక్కొక్కటీ పోయాయి. మిగిలిన వాటిలో పిల్లల పెన్ డ్రైవ్‌ల నుంచి వచ్చిన వైరస్‌లు. ఒక్కో సిస్టమ్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ కొనే బదులు, ఒక సర్వర్ మంచిది పెట్టి మిగతావన్నీ డిస్క్ లేకుండా నెట్‌వర్క్ నుంచే బూట్ అయ్యేలా మార్చారు. సర్వర్‌లో ఉబుంటు లినక్స్, దాని మీద ఎల్‌టీఎస్‌పీ, అంటే డిస్క్ లేని సిస్టమ్‌లని సర్వర్ నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్. క్లయింట్‌లు, అంటే ల్యాబ్‌లోని మిగతా సిస్టమ్‌లు, చదివేది సర్వర్‌లోని ఒకే ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఒక ఫైలుగా), మార్పులన్నీ ర్యామ్‌లోనే, ఆపేస్తే పోతాయి. పిల్లల ఫైళ్లు మాత్రం సర్వర్‌లో వాళ్ల ఫోల్డర్‌లో ఉంటాయి. ఐపీ అడ్రస్‌లు ఇచ్చే పని (దీన్నే డీహెచ్‌సీపీ అంటారు) ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల రౌటర్‌ది. సర్వర్‌లోని డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం ప్రాక్సీ డీహెచ్‌సీపీగా పక్కన కూర్చుని, "బూట్ ఫైలు ఇది, నా దగ్గర తీసుకో" అని మాత్రం చెప్తుంది. చిన్న కాలేజీలకి ఇది మంచి ఏర్పాటే, ఎందుకంటే రౌటర్‌ని ముట్టుకోవాల్సిన పని లేదు.

ఈ ఏర్పాటు నేను చేసింది కాదు. ఎవరో చేసి ఇచ్చారు, ఎండాకాలం సెలవుల దాకా బాగానే నడిచింది.

వచ్చిన సమస్య

సెలవుల తర్వాత కాలేజీ తెరిచారు, ల్యాబ్ తెరవలేకపోయారు. కొన్ని వస్తాయి, కొన్ని రావు. నిన్న వచ్చింది ఇవాళ రాదు. సెమిస్టర్ ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి, ఇన్‌ఛార్జి మేడంకి టెన్షన్. ఫోన్‌లో ఆమె చెప్పింది ఒకటే: "సార్, సర్వర్ రీస్టార్ట్ చేస్తే కొన్ని వస్తున్నాయి. సర్వరే పోయినట్టుంది, కొత్తది కొనాల్నా?"

వద్దు, ముందు చూద్దాం అన్నాను. సెలవుల్లో ఏమేం మారాయని అడిగితే రెండు చెప్పారు. పిడుగు పడ్డప్పుడు పాత స్విచ్ కాలిపోయింది, దాని బదులు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి 48 పోర్టుల సెకండ్ హ్యాండ్ మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగల రకం) తెచ్చారు. అదనంగా పది సెకండ్ హ్యాండ్ మినీ పీసీలు తీసుకున్నారు, అవి కూడా డిస్క్ లేకుండానే. మూడో మార్పు కూడా ఉంది. దాన్ని ఎవరూ చెప్పలేదు, అది వాళ్ల లెక్కలో కంప్యూటర్ సామాను కాదు. అదేంటో తర్వాత వస్తుంది.

ముందు చేసి చూసినవి

నేను వెళ్లేసరికే లోకల్ హార్డ్‌వేర్ కుర్రాడు చాలా చేశాడు. కేబుళ్లు మార్చాడు, కొత్త క్లిప్పులు కొట్టాడు, సీమాస్ బ్యాటరీలు వేశాడు, బయోస్‌లో బూట్ ఆర్డర్ సరిచేశాడు, మినీ పీసీల్లో లెగసీ మోడ్ (పాత బయోస్ పద్ధతి) కోసం వెతికి అది లేక వదిలేశాడు. వీటిలో తప్పు పని ఏదీ లేదు. కానీ ప్రతి మార్పు తర్వాత కొన్ని సిస్టమ్‌లు వచ్చేవి, దాంతో ఆ మార్పే పని చేసినట్టు అనిపించేది, మరుసటి రోజు మళ్లీ మొదటికి. వచ్చీ రాని సమస్యతో ఉన్న ప్రమాదమే ఇది. ఏం చేసినా కాసేపు ఫలితం ఉన్నట్టే కనిపిస్తుంది.

అందుకే మొదట ఏదీ మార్చకూడదనుకున్నాను. ఒక నోట్‌బుక్‌లో సిస్టమ్ నంబర్లు వేసి, అన్నీ ఆన్ చేయించి, ఒక్కోటి సరిగ్గా ఎక్కడ ఆగిందో రాయమని ల్యాబ్ అసిస్టెంట్‌కి చెప్పాను. "రాలేదు" అని రాయొద్దు తమ్మీ, స్క్రీన్ మీద చివరి లైన్ ఏముందో అది రాయి, అక్షరాలు గబగబా పోతుంటే ఫోన్‌తో వీడియో తీసి ఆపి చూడు అన్నాను. ఈ వీడియో పద్ధతి ఎంత చిన్నగా కనిపించినా, నెట్‌వర్క్ బూట్ పనుల్లో నాకు దీని కంటే అక్కరకొచ్చిన పరికరం లేదు.

ఇలా ఎందుకంటే, నెట్‌వర్క్ బూట్ అనేది ఒక పని కాదు. మొదట నెట్‌వర్క్ కార్డు రోమ్ చిప్‌లో ఉన్న పీఎక్స్‌ఈ అనే బూట్ ప్రోగ్రాం డీహెచ్‌సీపీతో అడ్రస్ అడిగి, టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతితో ఒక చిన్న ఫైలు తెచ్చుకుంటుంది. ఆ ఫైలు ఇక్కడ ఐపీఎక్స్‌ఈ, ఇంకాస్త తెలివైన బూట్ ప్రోగ్రాం. అది లేచి మళ్లీ మొదటి నుంచి అడ్రస్ అడుగుతుంది, మెనూ చూపిస్తుంది, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌నీ, దానికి మొదట కావాల్సిన ఫైళ్ల మూట ఇనిట్ర్‌డ్‌నీ లోడ్ చేస్తుంది. ఆ కెర్నెల్ తన డ్రైవర్ ఎక్కించుకుని మూడోసారి అడ్రస్ అడుగుతుంది, అప్పుడు గానీ ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) మీద రూట్ ఫోల్డర్ తగిలించుకోదు. ఒకే పెళ్లికి ముగ్గురు వేరువేరు బస్సుల్లో దిగి, ముగ్గురూ సెంటర్‌లో ఎవరో ఒకర్ని ఫంక్షన్ హాల్ ఎక్కడని అడిగినట్టు. మొదటివాడు సరిగ్గా చేరినంత మాత్రాన మూడోవాడు చేరతాడని లేదు, వాడు అడిగిన మనిషి వేరు కావచ్చు.

నోట్‌బుక్ నిండాక ఒక్క గుంపుగా కనిపించిన సమస్య మూడుగా విడిపోయింది. పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువ భాగం పీఎక్స్‌ఈ-ఈ51 అనే ఎర్రర్ దగ్గర ఆగాయి, అంటే డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదని. కొత్త మినీ పీసీలు అన్నీ ఒకేచోట ఆగాయి: ఫైలు పేరు, సైజు చూపించి, డౌన్‌లోడ్ అయిందని చెప్పి, ఏ ఎర్రరూ లేకుండా బూట్ మెనూకి తిరిగొచ్చేవి. ఇవి కాక అక్కడక్కడా, ఒక వరుస పద్ధతి లేకుండా, కొన్ని పీఎక్స్‌ఈ-ఈ32 అని టీఎఫ్‌టీపీ టైమౌట్ చూపించాయి. ఇంకొన్ని కెర్నెల్ దాకా వచ్చి ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గర వేలాడాయి.

మొదటి గుంపు: ఈ51

సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ లాగ్ చూస్తే ఆగిపోయిన సిస్టమ్‌ల మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల సొంత నంబర్లు) అసలు లేవు. వీటి ప్రశ్న సర్వర్ దాకా రాలేదన్నమాట. సర్వర్‌ది తప్పు కాదని అక్కడే తేలింది, కొత్త సర్వర్ ఖర్చు మిగిలింది. కేబుల్ అనుకుందామా అంటే అన్ని కేబుళ్లు ఒకేసారి చెడిపోవు, పైగా అవే సిస్టమ్‌లు ఒక్కోసారి వస్తున్నాయి.

అసలు క్లూ ఇచ్చింది ల్యాబ్ అసిస్టెంట్. "అన్నా, మూడో వరస ఎప్పుడూ మంచిగనే ఒస్తది. ఆ వరసకు ఏం కాదు" అన్నాడు, ఆ వరస అదృష్టం అన్నట్టు. వెళ్లి చూస్తే ఆ వరుస సిస్టమ్‌లు పెద్ద స్విచ్‌కి నేరుగా లేవు. కేబుళ్లు చాలక ఎప్పుడో 8 పోర్టుల చిన్న స్విచ్ ఒకటి బల్ల కింద పెట్టారు, ఏడు సిస్టమ్‌లు దానికి, దాని నుంచి ఒక్క కేబుల్ పెద్ద స్విచ్‌కి. రావని పేరున్న ఒక సిస్టమ్‌ని ఆ చిన్న స్విచ్‌కి తగిలిస్తే వెంటనే బూట్ అయింది. బాగా వచ్చే మూడో వరుస సిస్టమ్‌ని పెద్ద స్విచ్‌కి తగిలిస్తే ఈ51. సిస్టమ్ అదే, పోర్టు మారితే ఫలితం మారింది. అంటే రోగం సిస్టమ్‌లో లేదు.

తర్వాత పెద్ద స్విచ్ ముందు నిలబడి ఒక సిస్టమ్ ఆన్ చేయించాను. దాని పోర్టు లైట్ ఆరెంజ్‌లో వెలిగి, అలాగే ఉండి, సిస్టమ్ మీద ఈ51 పడ్డాక గ్రీన్‌కి మారింది. ఇది స్పానింగ్ ట్రీ పని. మేనేజ్డ్ స్విచ్ ఏ పోర్టులో లింక్ కొత్తగా వచ్చినా, అక్కడ లూప్ (కేబుళ్లు చుట్టు తిరిగి మళ్లీ అదే నెట్‌వర్క్‌లో కలవడం) లేదని నిర్ధారించుకునే దాకా ట్రాఫిక్ వదలదు. 802.1డీ అనే పాత ప్రమాణం పద్ధతిలో లిజనింగ్‌కి 15 సెకన్లు, లెర్నింగ్‌కి 15 సెకన్లు, మొత్తం 30. ఆ 30 సెకన్లు క్లయింట్ ఎంత అరిచినా స్విచ్ అవతలికి వినబడదు. పీఎక్స్‌ఈ ప్రమాణం ప్రకారం రోమ్ 4, 8, 16, 32 సెకన్ల చొప్పున ఆగుతూ నాలుగుసార్లు అడగాలి. అలా అడిగితే 30 సెకన్లు దాటుతాయి, పని జరుగుతుంది. కానీ చాలా పాత రోమ్‌లకి అంత ఓపిక లేదు, ముందే చేతులెత్తేస్తాయి. అందుకే కొత్త మినీ పీసీలు ఈ గండం దాటాయి, పాతవి ఇక్కడే మునిగాయి. చిన్న స్విచ్‌కీ పెద్ద స్విచ్‌కీ మధ్య కేబుల్‌లో లింక్ ఎప్పుడూ పడిపోదు కాబట్టి మూడో వరుసకి ఈ బాధే లేదు.

సర్వర్ రీస్టార్ట్ చేస్తే వస్తున్నాయన్న మాట వెనక చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. రీస్టార్ట్ చేసి వచ్చి, ఎర్రర్ మీద ఉన్న సిస్టమ్‌లలో కీ నొక్కి మళ్లీ ప్రయత్నించేవాళ్లు. లింక్ తెగకుండా మళ్లీ అడిగే రోమ్‌లకి అప్పటికి పోర్టు తెరుచుకుని ఉండేది. పని చేసింది ఆ రెండో ప్రయత్నం, పేరు సర్వర్ రీస్టార్ట్‌కి.

పరిష్కారం దగ్గర రెండు దారులు. స్పానింగ్ ట్రీ మొత్తం ఆపేస్తే ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. పరీక్ష కోసం కాసేపు ఆపి చూశాను, ఈ51 పోయింది, వెంటనే మళ్లీ ఆన్ చేశాను. ల్యాబ్‌లో ఖాళీ కేబుల్ చివర కనిపిస్తే పిల్లలు ఎక్కడో ఒకచోట గుచ్చుతారు. అది అదే స్విచ్‌లో ఇంకో పోర్టు అయితే లూప్ పడి ల్యాబ్ మొత్తం ఆగిపోతుంది, అప్పుడు కారణం కనిపెట్టడం ఇంతకంటే పెద్ద లొల్లి. కాబట్టి క్లయింట్ పోర్టులకి మాత్రమే పోర్ట్‌ఫాస్ట్ పెట్టి, వాటికి బీపీడీయూ గార్డ్ జోడించాను. లింక్ రాగానే ట్రాఫిక్ వదులుతుంది, ఎవరైనా లూప్ వేస్తే ఆ పోర్టు మూసేస్తుంది. చిన్న స్విచ్‌కి వెళ్లే పోర్టుని మామూలుగానే వదిలేశాను, దానికి తొందర లేదు.

ఇంకో లాభం కూడా వచ్చింది. కెర్నెల్ డ్రైవర్ ఎక్కేటప్పుడు లింక్ మరోసారి పడి లేస్తుంది, అప్పుడు మళ్లీ 30 సెకన్లు. పాస్ అయిన సిస్టమ్‌లు కూడా అందుకే నత్తనడక నడిచేవి. "ముసలి సిస్టమ్‌లు కదా సార్" అని సరిపెట్టుకున్నారు వాళ్లు.

రెండో గుంపు: మినీ పీసీలు

ఇది తేలిక. ఒకే రకం సిస్టమ్‌లన్నీ ఒకేచోట, ప్రతిసారీ ఆగితే అది అదృష్టం మీద ఆధారపడిన సమస్య కాదు, సెట్టింగ్ సమస్య. డీఎన్‌ఎస్‌మాస్క్ ఫైల్ తెరిస్తే చేత్తో రాసిన నాలుగు లైన్లు, ఎవరు అడిగినా అన్‌డీఐఓన్లీ.కేపీఎక్స్‌ఈ అనే ఒకే ఫైలు. అది లెగసీ బయోస్ కోసం చేసింది. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ఉన్న సిస్టమ్ (ఈ మినీ పీసీలు అవే) దాన్ని దించుకుని, ఇది నేను నడిపే ప్రోగ్రాం కాదని పక్కన పడేస్తుంది, ఫిర్యాదు కూడా చేయదు.

ఏ రకం క్లయింటో తెలుసుకునే దారి డీహెచ్‌సీపీలోనే ఉంది. అడిగేటప్పుడే క్లయింట్ 93వ ఆప్షన్‌లో తన రకం పంపుతుంది: 0 అంటే మామూలు బయోస్, 64 బిట్ యూఈఎఫ్‌ఐ అయితే 7 లేదా 9. దాన్ని బట్టి బయోస్‌కి పాత ఫైలు, యూఈఎఫ్‌ఐకి ఎస్‌ఎన్‌పీఓన్లీ.ఈఎఫ్‌ఐ ఇచ్చేలా రాశాను. ఐపీఎక్స్‌ఈలో సొంత డ్రైవర్లున్న ఫైలు కూడా ఉంది. కానీ ఈ ఫర్మ్‌వేర్ అప్పటికే ఆ కార్డుతో ఫైలు దించుకుంటోంది, అంటే దాని డ్రైవర్ బాగుంది, ఉన్న డ్రైవర్‌నే వాడుకునే ఫైలు తీసుకోవడమే క్షేమం. ఇంకొకటి మర్చిపోకూడదు. ఐపీఎక్స్‌ఈ లేచాక మళ్లీ అడ్రస్ అడుగుతుందని చెప్పాను కదా, అప్పుడు దానికి మళ్లీ ఐపీఎక్స్‌ఈ ఫైలే ఇస్తే అక్కడే గుండ్రంగా తిరుగుతుంటుంది. అది 175వ ఆప్షన్ పంపుతుంది, దాన్ని పట్టుకుని ఈసారి మెనూ స్క్రిప్ట్ ఇవ్వాలి.

ఆ తర్వాత కూడా కొన్ని మినీ పీసీలు సెక్యూరిటీ వయొలేషన్ అన్నాయి. వాటిలో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, మన ఫైలుకి అది ఒప్పుకునే డిజిటల్ సంతకం లేదు. లోపల విండోస్ లేదు, డిస్కే లేదు, ఆఫ్ చేస్తే పోయేదేమీ లేదు. ఆఫ్ చేశాం.

మూడో గుంపు: తికమక పెట్టింది ఇదే

ఈ రెండూ సరిచేశాక ల్యాబ్ దాదాపు మొత్తం వచ్చింది. ఇక్కడ ఆపేయొచ్చు అనిపిస్తుంది, మేడం కూడా చాలు సార్ అన్నారు. కానీ ఈ32, ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగడం, ఈ రెండూ ఇంకా అప్పుడప్పుడు వస్తున్నాయి. పాతవి, కొత్తవి, మూడో వరుస అని లేదు, ఎవరికైనా వస్తున్నాయి. పరీక్ష మధ్యలో కరెంటు పోయి వస్తే ఎవరి సిస్టమ్ ఆగుతుందో చెప్పలేని పరిస్థితి.

సర్వర్ ఫైర్‌వాల్ అనుమానించాను. కాదు, అదే సిస్టమ్ మళ్లీ ఆన్ చేస్తే వస్తోంది, ఫైర్‌వాల్‌కి మూడ్ ఉండదు. సర్వర్ మీద లోడ్ అనుమానించాను. ఒక్క సిస్టమ్ ఆన్ చేసినప్పుడు కూడా వచ్చింది కాబట్టి అదీ కాదు. అప్పుడు అసిస్టెంట్ తీసిన వీడియోలు మళ్లీ వేసి చూస్తే, ఆగిపోయిన ఒక సిస్టమ్‌లో కెర్నెల్ తెచ్చుకున్న అడ్రస్ 192.168.0తో మొదలవుతోంది. ల్యాబ్ మొత్తం 192.168.1లో ఉంటుంది. 192.168 దాకా చూసి అడ్రస్ వచ్చింది కదా అని అందరూ దాటేసిన లైన్ అది. పైగా అదే వీడియోలో కొన్ని సెకన్ల ముందు ఐపీఎక్స్‌ఈ తెచ్చుకున్న అడ్రస్ సరైనదే. ఒకే బూట్‌లో ఇద్దరు వేరువేరు మనుషులు జవాబిచ్చారు.

అందరూ తిట్టుకున్న ఆ మేనేజ్డ్ స్విచ్ ఇక్కడ పనికొచ్చింది. ఒక క్లయింట్ పోర్టుని నా ల్యాప్‌టాప్ పోర్టుకి మిర్రర్ చేసి (దాని ట్రాఫిక్ నకలు ఇటు వచ్చేలా), ఆ ట్రాఫిక్ విప్పి చూపించే వైర్‌షార్క్ పెట్టాను. ఒక్క ప్రశ్నకి అడ్రస్ ఇస్తామంటూ రెండు ఆఫర్లు. రెండోది ఎవరిదో స్విచ్ మ్యాక్ టేబుల్‌లో వెతికితే ఆఫీస్ రూమ్‌కి పోయే పోర్టు తేలింది. అక్కడికెళ్లి చూస్తే బీరువా మీద కొత్త వైఫై రౌటర్, ల్యాబ్ నుంచి వచ్చిన కేబుల్ దాని లాన్ పోర్టులో. సెలవుల్లో పెట్టారట, ఫోన్‌లకి సిగ్నల్ కోసం. ఎవరూ చెప్పని మూడో మార్పు ఇదే. "అది వైఫై కదా సార్, ల్యాబ్‌కి ఏం సంబంధం" అన్నారు ఆఫీస్‌లో.

ఎవరి ఆఫర్ ముందు చేరితే వాళ్ల అడ్రస్. రోమ్‌కి తప్పు అడ్రస్ చిక్కితే సర్వర్ వేరే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు భావించి, ఎటూ దారి లేని ఆ రౌటర్ వైపు టీఎఫ్‌టీపీ అడిగి ఈ32తో ఆగుతుంది. రోమ్‌కి సరైనది, కెర్నెల్‌కి తప్పుది చిక్కితే ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగుతుంది. రెండు వేరు లక్షణాలు, మూలం ఒకటే.

నిర్ధారణ కోసం ఒక సిస్టమ్‌కి కెర్నెల్ లైన్‌లో స్థిరమైన అడ్రస్ ఇచ్చి చూస్తే ఎన్‌ఎఫ్‌ఎస్ సమస్య మళ్లీ రాలేదు. అన్నిటికీ అలాగే ఇద్దామా అని అసిస్టెంట్ అడిగాడు. వద్దు, రోమ్ దశలో ఈ32 అలాగే ఉంటుంది, పైగా 46 అడ్రస్‌ల లిస్టు ఎవరు చూసుకుంటారు. రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి దాన్ని వైఫై మాత్రమే ఇచ్చే ఉత్త యాక్సెస్ పాయింట్‌గా మార్చాను. రేపు ఇంకో రూమ్‌లో ఇంకో రౌటర్ రాదన్న గ్యారంటీ లేదు కాబట్టి స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మకమైన పోర్టుల నుంచే డీహెచ్‌సీపీ జవాబులు వదలడం) కూడా పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: నమ్మకమైన పోర్టుగా ఇంటర్నెట్ రౌటర్ పోర్టుని ఒక్కటే గుర్తిస్తే సరిపోదు, ప్రాక్సీ జవాబు ఇచ్చే సర్వర్ పోర్టుని కూడా గుర్తించాలి. లేకపోతే సర్వర్ జవాబునే స్విచ్ మింగేస్తుంది, అడ్రస్‌లు మాత్రం బాగా వస్తుంటాయి, బూట్ ఫైలు రాదు.

ఈ కేసులో నేర్చుకోదగ్గవి

ఏం మారిందని అడిగితే జనం తమ దృష్టిలో సంబంధం ఉన్నవే చెప్తారు. నేనిప్పుడు "నెట్‌వర్క్‌కి కొత్తగా ఏ వైరైనా తగిలించారా, ఏ రూమ్‌లోనైనా" అని అడుగుతున్నా, జవాబు తేడాగా వస్తోంది.

అడ్రస్ ఎన్నిసార్లు అడుగుతుందో, ప్రతిసారీ ఎవరు ఇచ్చారో విడివిడిగా చూడాలి. ఒక దశ పాస్ అవ్వడం తర్వాతి దశకి సాక్ష్యం కాదు. అలాగే ఎప్పుడూ ఆగని సిస్టమ్‌ల మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. ఈ కేసులో సగం జవాబు వాటి దగ్గరే ఉంది.

చివర్లో ఇంకో మార్పు చేశాం, ఇది సమస్యకి సంబంధించింది కాదు. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే ఇంకో ముక్క పంపుతుంది. ఐపీఎక్స్‌ఈ దాకా చిన్న ఫైలు కాబట్టి ఫర్వాలేదు. పెద్దవైన కెర్నెల్, ఇనిట్ర్‌డ్ మాత్రం హెచ్‌టీటీపీ మీదికి మార్చాం. క్లాస్ మొదట్లో అన్నీ ఒకేసారి ఆన్ చేసినప్పుడు తేడా బాగా తెలుస్తోంది. కరెంటు వచ్చినప్పుడు సర్వర్ కంటే ముందు క్లయింట్‌లు లేవకుండా వాటి బయోస్‌లో ఆటోమేటిక్ పవర్ ఆన్ తీసేశాం, సర్వర్‌ని, స్విచ్‌ని యూపీఎస్ మీద పెట్టాం.

రెండు పాత బోర్డులు మాత్రం ఏం చేసినా పీఎక్స్‌ఈ-ఈ61 అని కేబుల్ చూడమంటూనే ఉన్నాయి. కేబుల్ బాగుంది, లైట్ వెలుగుతోంది, పోర్టు మార్చి కూడా చూశాం. వాటి రోమ్‌తో కుస్తీ పట్టడం దండగ అనిపించి, చిన్న పెన్ డ్రైవ్‌లలో ఐపీఎక్స్‌ఈ రాసి వెనక పోర్టుల్లో పెట్టాం, రెండూ చక్కగా బూట్ అవుతున్నాయి. పిల్లలు పీక్కుపోకుండా అసిస్టెంట్ వాటి మీద టేపు చుట్టాడు.